నక్షత్రం గుర్తు ప్రశ్న

శాసనసభ సమావేశాలు మొదలయ్యాయంటే మా ఆఫీసులో సెలవు చీటీలు చెల్లేవి కావు. నేను 1979లో ఒంగోలులో ఒక జిల్లా కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా చేరాను. వైద్య ఆరోగ్యశాఖ వైపు అనుకోండి, అంతకంటే చెప్పను. అప్పటి పెద్దలు కొందరు ఇంకా ఉన్నారు, ఇలాంటి రాతలు చదువుతారు కూడా. చేరిన కొత్తలో నన్ను బాగా తికమక పెట్టిన మాట ఎల్ఏక్యూ, అంటే శాసనసభ ప్రశ్న. మామూలు ఉత్తరమైతే ఇన్‌వార్డు రిజిస్టరు ఎక్కి, సెక్షన్లన్నీ తిరిగి, నా బల్ల మీద పడేసరికి వారం గడిచేది. ఎల్ఏక్యూ వస్తే తపాలు విప్పిన గుమస్తా లేచి, దాన్ని చేత్తో పట్టుకుని సూపరింటెండెంటు గారి గదిలోకి నడిచేవాడు. రిజిస్టరు సంగతి తర్వాత.

సంగతి ఇంతే. శాసనసభలో ఎవరో సభ్యుడు మంత్రిగారిని ఒక ప్రశ్న అడిగాడు. సమాధానం మన జిల్లా నుంచి వెళ్లాలి. అందుకోసం ఆఫీసంతా పొద్దుపోయే దాకా దీపాలు వేసుకుని కూర్చునేది. ప్రశ్న హైదరాబాదులో పుట్టి, శాఖ కార్యదర్శి నుంచి డైరెక్టరేటుకు, అక్కడి నుంచి వైర్‌లెస్ సందేశంగానో ట్రంకాల్‌గానో జిల్లాకు, జిల్లా నుంచి సమితికి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి దిగేది. అప్పటికింకా మండలాలు లేవు, అవి 1985లో వచ్చాయి. కింద ఎవరో ఒక చిన్న ఉద్యోగి లెక్కపెట్టి చెప్పిన అంకె, వచ్చిన దారినే తిరిగి వెళ్లి మంత్రిగారి నోటికి చేరేది. మర్నాడు పత్రికలో "మంత్రి వెల్లడి" అని చదివినప్పుడు మా టైపిస్టు ఆ ముక్క కత్తిరించి బల్ల సొరుగులో దాచుకునేవాడు. ఆ వాక్యం టైపు కొట్టింది తనే కదా!

ప్రశ్నలో ఎప్పుడూ ఎ, బి, సి భాగాలుండేవి. "ఫలానా విషయం వాస్తవమేనా? అయితే వివరములేవి? అందుకు ప్రభుత్వము తీసుకొన్న చర్యలేవి?" మా హెడ్ గుమస్తా నెల్లూరు మనిషి, ఈ విద్యలో ఆరితేరినవాడు. మొదటి రోజే నాకు రహస్యం చెప్పాడు. "అబ్బాయ్, (ఎ)కి 'లేదండి' అని రాయగలిగామా, (బి), (సి) వాటంతట అవే చస్తాయి. వాటి పక్కన 'ప్రశ్న ఉత్పన్నం కాదు' అని వేసి ఇంటికి వెళ్లి అన్నం తినొచ్చు." కాబట్టి ఆయన బలమంతా ఆ 'లేదండి' దగ్గరికి ఎలా చేరాలన్న దాని మీదే ఉండేది. అబద్ధం రాసేవాడు కాదు. అబద్ధం రాస్తే సభాహక్కుల ఉల్లంఘన అవుతుందని ఆయనకు నాకంటే బాగా తెలుసు. ప్రశ్న వేసినవాడు ఎక్కడ ఒక మాట జారవిడిచాడా అని భూతద్దం పెట్టి వెతికేవాడు, అంతే.

నా గదిలో ఉండే మిత్రుడు ఒక బస్సు డిపోలో గుమస్తా. వాళ్ల దగ్గరా ఇదే విద్య. కొండల వైపు ఒక ఊరికి రాత్రి బస్సు మానేశారు. "రాత్రి బస్సు రద్దు చేసిన విషయం వాస్తవమేనా?" అని ఎమ్మెల్యే అడిగాడు. "లేదండి" అని పోయింది. ఎందుకంటే కాగితం ప్రకారం బస్సు రద్దు కాలేదు, పక్క ఊరి దాకా 'కుదించారు'. తర్వాతి సమావేశాల్లో ఆ ఎమ్మెల్యే మాట మార్చి అడిగాడు: "ఆ ఊరికి రాత్రి బస్సు చేరుతున్నదా?" ఈసారి దారి బస్సు తిరగడానికి అనువుగా లేదన్నారు. రోడ్ల వాళ్లను అడిగితే బస్సే తిరగని దారికి తారు ఎందుకన్నారు. ఆ ఊరివాళ్లు చాలాకాలం లాంతరు పట్టుకుని చివరి నాలుగు మైళ్లు నడిచారు. బస్సు కథ అక్కడితో సరి.

ఇంతకీ మాకు అసలు భయం కాగితం మీది ప్రశ్న కాదు. నక్షత్రం గుర్తున్న ప్రశ్నకు మంత్రి లేచి నోటితో సమాధానం చెప్పాలి. చెప్పాక సభ్యుడు అనుబంధ ప్రశ్నలు వేస్తాడు. అవి ముందుగా రాసి ఇచ్చేవి కావు. గుర్తు లేని ప్రశ్నకు రాతపూర్వక సమాధానంతో పని అయిపోతుంది. అందుకే కాగితం రాగానే అందరి కళ్లూ ముందు సంఖ్య పక్కన నక్షత్రం ఉందా అని చూసేవి. ఉంటే, సమాధానం ఒక పేజీ అయితే అనుబంధ ప్రశ్నల కోసం రాసే నోట్ పది పేజీలయ్యేది. సభ్యుడు ఏమేమి అడగవచ్చో మేమే ఊహించి, మేమే అడుగుకుని, మేమే జవాబు రాసుకోవడం. ఆ పని నాకు ఇష్టంగా ఉండేది. పది నిమిషాల పాటు ఎమ్మెల్యే అయిపోయినట్టుండేది మరి.

ఆ సభ కూడా అలాంటిది. 1978లో ఏర్పడిన శాసనసభలో ప్రతిపక్షం బల్లల మీద మా పక్క నెల్లూరు జిల్లా వాళ్లే ఇద్దరు ఉండేవారు. అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య గన్నవరం నుంచి గెలిచి వచ్చారు. చవటపాలెంలో పుట్టిన వెంకయ్యనాయుడు ఉదయగిరి నుంచి తొలిసారి అడుగుపెట్టారు. వెంకయ్యనాయుడు, జైపాల్ రెడ్డి ఇద్దరూ జంటగా లేస్తే వాళ్లను తిరుపతి వెంకట కవులనేవారు. మా హెడ్ గుమస్తా లెక్క వేరు. "ఆ జంట గట్టిగా అరిస్తే మంత్రి కూడా అరవొచ్చు. సుందరయ్య గారు అంకెలు పట్టుకొస్తారు. అంకెలు పట్టుకొచ్చేవాడితో మనకు పని పడకూడదు," అనేవాడు. పార్లమెంటుకు సైకిలు మీద వెళ్లిన మనిషి అన్న గౌరవం ఒకవైపు, ఆయన చేతిలోని కాగితాల కట్టంటే జంకు ఒకవైపు.

మాకు పని పెట్టింది మాత్రం ఆయన కాదు, మా జిల్లా ఎమ్మెల్యేయే ఒకాయన. ఎనభైలలో ఒక సమావేశానికి ఫ్లోరైడ్ మీద ప్రశ్న వేశాడు. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల్లో తాగునీటిలోని ఫ్లోరైడ్ వల్ల ప్రజలు రోగగ్రస్తులవుతున్న విషయం వాస్తవమేనా, అయితే ఎంతమంది, చర్యలేవి? నక్షత్రం ఉంది. హెడ్ గుమస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి 'లేదండి' రాయలేం," అన్నాడు. ఆయన అలా ఓడిపోయినట్టు మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

ముందు (సి) మీద తగాదా వచ్చింది. నీళ్లేమో పంచాయతీరాజ్ శాఖవి, ఎముకలేమో మావి. మేం "రక్షిత మంచినీటి సరఫరా సదరు శాఖకు సంబంధించినది" అని రాశాం. వాళ్లు "బాధితుల వివరములు వైద్య ఆరోగ్యశాఖ వద్ద లభించును" అని రాశారు. ఒకే మనిషి పొద్దున బిందె ఎత్తినప్పుడు ఒక మంత్రి కిందికి, సాయంత్రం నడుము పట్టుకుని కూర్చున్నప్పుడు ఇంకో మంత్రి కిందికి వస్తాడన్నమాట. చివరికి పైనుంచి ట్రంకాల్‌లో తిట్లు పడ్డాక, లెక్క తీసే పని మాకే వచ్చింది. ఒక వైద్యాధికారి, ఆయన వెనక కాగితాల కట్టతో నేను, ఒక పాత జీపు.

దారిలో డాక్టరు గారు చెప్పిన సంగతి విని నేను నిర్ఘాంతపోయాను. ఈ జబ్బు మన దేశంలో మొట్టమొదట వైద్య పత్రికకెక్కిందే మా ప్రాంతం నుంచి. 1937లో షార్ట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ఎముకలు బిగుసుకుపోతున్న మనుషుల గురించి నెల్లూరు జిల్లా పేరుతోనే రాశారు. దర్శి, పొదిలి, కనిగిరి, కందుకూరు అప్పుడు నెల్లూరు జిల్లావి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడితే ఇటు వచ్చాయి, 1972లో దానికి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. జిల్లా మారింది, పేరు మారింది, బావిలో నీళ్లు మారలేదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ముప్పు. అడుగున గట్టి రాయి, పైన చాలీచాలని వాన. నీళ్లు రాతిలో ఎంతకాలం నిలిస్తే అంత ఫ్లోరైడ్ లాక్కుంటాయి. ఊట తగ్గిందని బోరు లోతుకు దించితే చాలాచోట్ల ఇంకా ఎక్కువ.

కనిగిరి నుంచి పామూరు వైపు వెళ్లి, లోపలికి తిరిగితే ఆ ఊరు. బడిలో పంతులు గారు పిల్లలను వరసగా నిలబెట్టారు. చిన్నవాళ్ల పళ్ల మీద సుద్ద పూసినట్టు తెల్లటి మచ్చలు, పెద్దవాళ్లకు అడ్డంగా గోధుమరంగు చారలు. పళ్లు చూపించమంటే చిన్నవాళ్లు నోరు బార్లా తెరిచేవారు. ఏడో తరగతి ఆడపిల్లలు మాత్రం చెయ్యి అడ్డం పెట్టుకుని, డాక్టరు గారికి ఒక్కరికే కనిపించేలా పక్కకు తిరిగేవారు. తర్వాత రచ్చబండ దగ్గర పెద్దవాళ్లు. చేతులు తల వెనక్కి పెట్టండి, గడ్డం గుండెకు ఆనించండి, మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు తాకండి. ఈ మూడే పరీక్షలు. రక్తమూ అక్కర్లేదు, ఎక్స్‌రే కూడా అక్కర్లేదు. నలభై ఏళ్ల మనిషి మోకాళ్ల దగ్గరే ఆగిపోయి, "ఇంతవరకేనయ్యా," అని మళ్లీ లేచేవాడు.

ఒక పెద్దాయన నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. మెడ తిరగదు. నన్ను చూడాలంటే రెండు చేతులూ పట్టెకు ఆనించి మొత్తం మనిషే తిరగాలి. పేరు, వయసు, తాగే బావి అడిగి రాసుకున్నాను. ఇంతలో ఆయన కోడలు చెంబుతో నీళ్లు తెచ్చింది. డాక్టరు గారు చేత్తోనే వద్దని, జీపులోంచి కూజా తెప్పించుకున్నారు. ఒంగోలు నుంచి తెచ్చుకున్న నీళ్లు. పెద్దాయన అది చూశాడు. కోపం లేదు, నవ్వాడు. "మా నీళ్లు మీరు తాగలేదని కూడా అందులో రాసుకో నాయనా," అన్నాడు. నా దగ్గర ఉన్న పట్టికలో పళ్లు, ఎముకలు, అంగవైకల్యం అని గడులు గీసి ఉన్నాయి. ఆ మాటకు గడి లేదు.

అంకెలు వెళ్లాయి. ఆఖరి నిమిషంలో అదనపు సమాచారం కావాలంటే ఫైలు సంకన పెట్టుకుని రాత్రి హైదరాబాదు బండి ఎక్కింది నేనే. అలా పబ్లిక్ గార్డెన్స్ పక్కనున్న ఆ తెల్లటి భవనంలో అధికారుల గ్యాలరీ మూల కూర్చునే భాగ్యం దక్కింది. స్పీకరు ప్రశ్న సంఖ్య పిలిచారు. మంత్రిగారు లేచి చదివారు. (ఎ) అవునండి. (బి) వివరణ పత్రం సభాసమక్షంలో ఉంచడమైనది. మా హెడ్ గుమస్తా వాక్యం అక్షరం పొల్లుపోకుండా అంత పెద్ద హాల్లో వినిపిస్తుంటే నాకు ఒళ్లు పులకరించింది, దాచుకోను. ఎమ్మెల్యే అనుబంధ ప్రశ్నకు లేచాడు. మేం రాసిన నోట్‌లో నిధుల గురించి, బోర్ల గురించి, నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే నల్గొండ విధానం గురించి అన్నీ ఉన్నాయి. ఆయన అవేమీ అడగలేదు.

"అధ్యక్షా, లెక్క తీయడానికి వెళ్లిన అధికారులు ఆ ఊళ్లో మంచినీళ్లు తాగారా, తాగలేదా? అవునండి, లేదండి, రెంటిలో ఒకటి చెప్పించండి."

సభ గొల్లుమంది. మంత్రిగారు మా వైపు చూశారు. గ్యాలరీకి చీటీ వచ్చింది: "తాగారా?" నా ముందు వరసలోని పెద్ద అధికారి వెనక్కి తిరిగి నా మొహం చూశాడు. తల అడ్డంగా ఊపాను. ఆయన ఆ చీటీ మీద ఒక్క మాట రాసి తిప్పి పంపాడు. మంత్రిగారు చమత్కారి. చీటీ చదివి మడిచి జేబులో వేసుకుని, "అధికారుల సంగతి ఎందుకు అధ్యక్షా, నేనే ఆ ఊరు వెళ్లి తాగి చూసి వస్తాను," అన్నారు. ఈసారి రెండు వైపులా నవ్వారు. ప్రశ్న ముగిసింది.

ముగిసిందని మేం అనుకున్నాం. శాసనసభకు ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటుంటుంది. మంత్రి సభలో 'చేస్తాను', 'పరిశీలిస్తాను' అన్న ప్రతి మాటనూ ఏరి, అది జరిగిందా అని వెంటపడటమే దాని పని. కొన్నాళ్లకు కాగితం రానే వచ్చింది. "గౌరవనీయ మంత్రివర్యులు సదరు గ్రామమును సందర్శించి నీరు సేవించెదనని ఇచ్చిన హామీ అమలుపరచిన తేదీ తెలుపవలెను." ఏడాది తిరగకముందే ఆ మంత్రిగారు మారిపోయారు, హామీ మాత్రం మారలేదు. అది శాఖ నెత్తిన ఉండిపోయింది. ప్రతి సమావేశానికి ముందూ ఆ కాగితం రావడం, మేం "పరిశీలనలో ఉన్నది" అని రాయడం. హెడ్ గుమస్తా రిటైరయ్యే రోజున చార్జి అప్పగిస్తూ ఆ ఫైలు కట్ట నా చేతిలో పెట్టి, "దీన్ని మూయాలంటే ఎవరో ఒకరు వెళ్లి తాగాల్సిందే," అన్నాడు.

ఎవరూ తాగలేదు. కాని ఆ ఫైలు బతికి ఉండటం వల్ల ఒక మేలు జరిగింది. ఎప్పుడు ఏ పథకంలో డబ్బు మిగిలినా, "ఆ హామీ ఊరు ఒకటుంది కదా" అని ముందు దాని పేరే రాసేవారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే నల్గొండ విధానం తొట్టె ఒకటి కట్టారు. కొన్ని నెలలు బాగానే నడిచింది. తర్వాత దాన్ని చూసే మనిషికి జీతం ఆగింది, పటిక ఆగింది, తొట్టెలో గేదెలు నీళ్లు తాగాయి. సాగర్ కుడికాలువ నీళ్లు దర్శి వైపు కొన్ని ఊళ్లకు అందాయి గాని, కనిగిరి ఎత్తు మీద ఉంది. వెలిగొండకు 1996లో శంకుస్థాపన జరిగింది, పూర్వ శాసనసభ్యుడు పూల సుబ్బయ్య గారి పేరు పెట్టారు. శ్రీశైలం నుంచి కొండ తొలిచి సొరంగాల్లో కృష్ణ నీళ్లు తేవాలన్నది ఆ పథకం. దాని మీద సభలో ఎన్ని ప్రశ్నలు పడ్డాయో, ఎందరు గుమస్తాలు ఎన్ని రాత్రులు కూర్చున్నారో!

పొగాకు ప్రశ్నల ధోరణి వేరు. అవి ఢిల్లీవి. మా పెదనాన్నకు కొండపి దగ్గర పొగాకు ఆరబెట్టే బ్యారన్ ఒకటి ఉండేది. 1975 చట్టంతో పొగాకు బోర్డు వచ్చి, 1976 జనవరి ఒకటిన గుంటూరులో కొలువుదీరినా, మన రాష్ట్రంలో వేలం మొదలైంది 1985లోనే. అంతకు ముందు వ్యాపారి ఇంటికే వచ్చి, ఆకు వాసన చూసి, ధర తనే చెప్పి, డబ్బు ఎప్పుడిస్తాడో చెప్పకుండా పోయేవాడు. వేలం వచ్చాక ఆ బెడద తగ్గి 'నోబిడ్' బెడద మొదలైంది. బేలు తీసుకెళ్లి వరసలో పెడితే, కొనేవాళ్లు దాని పక్క నుంచి నడిచి వెళ్లిపోతారు. మళ్లీ బండెక్కించుకుని ఇంటికి రావాలి.

తొంభైలలో దూరదర్శన్ పార్లమెంటు ప్రశ్నోత్తరాలు చూపించడం మొదలుపెట్టాక పెదనాన్న మా ఇంటికి వస్తే పదకొండింటికి టీవీ ముందు నుంచి లేచేవాడు కాదు. లోక్‌సభలో రోజుకు ఇరవై నక్షత్రం ప్రశ్నలు పెడతారు, ఆకుపచ్చ కాగితం మీద అచ్చువేస్తారు. గంటలో నాలుగైదు దాటడం గగనం. మన ఎంపీ ప్రశ్న పదో సంఖ్యలో ఉంటే, అది నోటిదాకా రాదని పెదనాన్నకు ఎంత చెప్పినా వినేవాడు కాదు. సోవియట్ యూనియన్ కూలిపోయిన రోజులవి. మన ఆకు పెద్ద ఎత్తున కొనేది వాళ్లే. మాస్కోలో ప్రభుత్వం పడిపోతే కొండపిలో బేలు ఎందుకు తిరిగొస్తుందో వాణిజ్యమంత్రి ఇంగ్లీషులో చెబుతుంటే, నేను తెలుగు చేసి చెప్పేవాణ్ని. "ఎగుమతులు పెంచుతామన్నాడా? సరే. ఎప్పుడో అడగమను," అని టీవీతోనే అనేవాడు. 2000లో పంట విరామం ప్రకటించినప్పుడు బ్యారన్‌లో మొక్కజొన్న కండెలు పోశాడు.

ఆయనకు చివరిదాకా మింగుడుపడని సంగతి ఒకటుంది. ఒకే సభలో వాణిజ్యమంత్రి లేచి పొగాకు రైతును ఆదుకుంటామంటాడు. ఆరోగ్యమంత్రి లేచి పొగాకు వాడకం తగ్గిస్తామంటాడు. 2003లో పొగాకు ప్రకటనలను, బహిరంగ ధూమపానాన్ని నిషేధించే చట్టం వచ్చింది కూడా. "వీళ్లిద్దరూ పక్కపక్కనే కూర్చుంటారు కదరా, మాట్లాడుకోరా?" అన్నాడు. నీళ్లు, ఎముకల తగాదా చూసినవాణ్ని, నేనేం చెప్పను? నిజానికి అదే ప్రశ్న ఏ ఎంపీ అయినా అనుబంధంగా వేసి ఉంటే, రెండు శాఖల గ్యాలరీల్లోనూ చీటీలు తిరిగేవి.

నడికుడి-శ్రీకాళహస్తి రైలుమార్గం గురించి ఒక్క మాటే రాస్తాను, లేకపోతే దర్శి, పొదిలి వాళ్లు నన్ను క్షమించరు. దాన్ని అడగని ఎంపీ లేడు, 'సర్వే' అనని రైల్వేమంత్రి లేడు. 309 కిలోమీటర్ల మార్గానికి 2011-12 బడ్జెట్‌లో మంజూరు వచ్చింది. అప్పటికి మొదట అర్జీలు పెట్టినవాళ్లలో చాలామంది లేరు.

2020 వర్షాకాల సమావేశాల్లో కరోనా కారణంగా పార్లమెంటులో ప్రశ్నోత్తరాల గంటనే తీసేశారు. రాతపూర్వక సమాధానాలు మాత్రం ఇచ్చారు. జబ్బు భయం అర్థమయ్యేదే. అయినా నాకు ఒళ్లు మండింది. అనుబంధ ప్రశ్న లేని సమాధానం ఎంత హాయిగా రాయవచ్చో, రాసిన చేతికే తెలుస్తుంది.

మా అన్న కొడుకు ఇప్పుడు అదే శాఖలో, వేరే జిల్లాలో సీనియర్ అసిస్టెంటు. ఎల్ఏక్యూ ఈ రోజుల్లో రాత్రి పదింటికి వాట్సాప్‌లో దిగుతుందట, పొద్దున ఎనిమిదింటికి అంకె కావాలట. ఊరికి వెళ్లి లెక్కపెట్టే వ్యవధి లేదు. కంప్యూటర్‌లో ఉన్న పాత అంకెకు తేదీ మార్చి పంపుతారు. మొన్నామధ్య ఫోను చేసి, "బాబాయ్, కిడ్నీ వ్యాధుల మీద ప్రశ్న వచ్చింది, అనుబంధ ప్రశ్నలకు నోట్ ఎలా రాయాలి?" అని అడిగాడు. ముందు డయాలసిస్ కేంద్రానికి రోగులు ఏ బస్సులో వస్తున్నారో, ఎన్నింటికి తిరిగి వెళ్తున్నారో కనుక్కోమన్నాను. అది రవాణాశాఖ కిందికి వస్తుంది కదా బాబాయ్ అన్నాడు.